నల్లగా ఉన్న చోట నల్లగానే ఉండనివ్వండి బాబూ!

ఈ మధ్య మా పాత ఆఫీసు స్నేహితుల వాట్సాప్ గుంపులో ఒక మిత్రుడు ఒక పనోరమా పెట్టాడు. ఇంగ్లాండులో, ఎసెక్స్ కౌంటీలో, సముద్రం పక్కన బ్రాడ్‌వెల్ అని ఒక పల్లెటూరుంది. ఊరు దాటి చాలా దూరం వెళ్ళాక, పొలాల చివర ఒంటరిగా ఒక పాత ప్రార్థన మందిరం. పేరు సెయింట్ పీటర్ ఆన్ ది వాల్. దాని లోపలి దృశ్యం అది. ఎనిమిదో తొమ్మిదో ఫోటోలు తీసి ఒకదానికొకటి కలిపి కుట్టాడు. చూడ్డానికి దివ్యంగా ఉంది. బొటనవేళ్ళు వరసపెట్టి లేచాయి. నేను మాత్రం ఎత్తలేదు. ఎందుకంటే ఆ బొమ్మలో దక్షిణం గోడకి కోసు తోరణంతో, రంగుటద్దాలతో ఒక చక్కటి కిటికీ ఉంది. అసలు గోడలో ఆ చోట అలాంటి కిటికీ లేదు.

ఫోన్ చేసి అడిగాను. "అక్కడ రెండు ఫోటోల మధ్య అతుకు కుదర్లేదురా, ఒక నల్లటి ఖాళీ మిగిలింది. ఏఐతో నింపెయ్యి అన్నా, నింపేసింది. బానే ఉంది కదా, ఇప్పుడేమైంది?" అన్నాడు.

ఏమైందో చెప్పడానికే ఈ టపా. వాడికి ముందే చెప్పాను రాస్తానని. రాసుకో అన్నాడు.

ముందు ఆ మందిరం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా గోలంతా గాలికి పోతుంది. 653లో తూర్పు సాక్సన్ల రాజు సిగెబెర్ట్ పిలిస్తే సెడ్ అనే క్రైస్తవ సన్యాసి ఉత్తరాది నుంచి ఈ ప్రాంతానికి వచ్చాడు. 654 ప్రాంతంలో ఇక్కడ చర్చి కట్టించాడు. అప్పటికి రోమన్లు ఆ దేశం వదిలిపోయి రెండు వందల ఏళ్ళు దాటిపోయింది. వాళ్ళు తీరం కాపలా కోసం కట్టుకున్న ఒథోనా అనే కోట పడిపోయి ఉంది. సెడ్ మనుషులు ఆ కోట రాళ్ళే, ఆ ఇటుకలే ఏరుకుని, ఆ కోట గోడ ఉన్న చోటే మందిరం కట్టేశారు. 'ఆన్ ది వాల్' అంటే అదే. తూర్పు చివర అర్ధచంద్రాకారంలో ఉండే భాగం పోయింది, పక్క గదులు పోయాయి. మధ్య హాలు మాత్రం నిలబడింది. సుమారు 15 మీటర్ల పొడవు, ఆరున్నర మీటర్ల వెడల్పు. అంతే. మన పల్లెటూళ్ళో మామూలు కల్యాణ మండపం కన్నా చిన్నది.

తర్వాత కొన్ని వందల ఏళ్ళపాటు రైతులు దాన్ని గాదెగా, పశువుల కొట్టంగా వాడుకున్నారు. ధాన్యం బండ్లు లోపలికి రావాలి కదా, ఉత్తరం గోడకీ దక్షిణం గోడకీ పెద్ద కంతలు కొట్టారు. 1920లో దాన్ని బాగుచేసి మళ్ళీ ప్రార్థనలు మొదలుపెట్టారు. ఆ బండి దారులు రాళ్ళతో మూసేసి ఉంటాయి. కానీ మూసిన చోటు స్పష్టంగా తెలుస్తుంది. చుట్టూ ఉన్న కట్టుబడి ఒకలా, మధ్యలో పూడ్చింది ఇంకోలా. తూర్పు గోడలో పాత తోరణాలు ఎక్కడ మొదలయ్యేవో, ఆ రోమన్ ఇటుకల మొదళ్ళు ఇంకా కనపడతాయి.

అంటే ఆ గోడ ఒక చేంజ్ లాగ్ అండీ. రోమన్ల ఇటుక, సాక్సన్ల కట్టుబడి, రైతులు కొట్టిన కంత, దాన్ని పూడ్చిన రాళ్ళు. పద్నాలుగు వందల ఏళ్ళలో ఎవడేం చేశాడో అన్నీ వరసగా కమిట్ అయి ఉన్నాయి. మా వాడి బొమ్మలో కిటికీ వచ్చిపడింది సరిగ్గా ఆ బండి దారి పూడ్చిన చోట. రైతుల కథంతా ఒక్క క్లిక్కుతో ఎగిరిపోయింది. దాని బదులు వచ్చిన కోసు తోరణమేమో గోథిక్ పద్ధతిది. ఆ పద్ధతి యూరపులో మొదలైందే 12వ శతాబ్దంలో, అంటే ఈ గోడ కట్టిన ఐదు వందల ఏళ్ళ తర్వాత. పాపం ఆ మోడల్ తప్పు లేదు. "పాత ఇంగ్లీషు చర్చి" అంటే అది చూసిన లక్షల బొమ్మల్లో ఏది ఎక్కువ కనపడిందో అదే గీసింది. దానికి తెలిసింది సగటు చర్చి. మా వాడు నిలబడింది సగటు చర్చిలో కాదు.

సరే, ఇక్కడ కొందరికి అనుమానం రావచ్చు. "పనోరమా అంటేనే అతుకుల బొంత కదా, అందులో నిజం అబద్ధం ఏమిటి? ఒక్క ఫోటో తీసుకుంటే గొడవే లేదుగా" అని. కాదు. ఇంత చిన్న గదిని ఒక్క ఫోటోలో పట్టాలంటే బాగా వైడ్ లెన్సు కావాలి. అదీ మొత్తం పట్టదు, వెనక గోడ ఎలాగూ రాదు. పైగా సరళరేఖల్ని సరళరేఖలుగా ఉంచే లెన్సు అంచుల్లో వస్తువుల్ని సాగదీస్తుంది. మధ్య నుంచి 45 డిగ్రీల పక్కన ఉన్నది అడ్డంగా రెండింతలు సాగుతుంది, 60 డిగ్రీల పక్కన ఉన్నది నాలుగింతలు. మూలనున్న బల్ల మంచమంత అవుతుంది. అందుకని ఒకేచోట నిలబడి, తలతిప్పి చూసినట్టు కెమెరా తిప్పుతూ, ముక్కలు ముక్కలుగా తీసి కుట్టడమే ఒక గదిని నమోదు చెయ్యడానికి ఉన్న మంచి పద్ధతుల్లో ఒకటి. నేను పనోరమాకి వ్యతిరేకిని కాదు మహాప్రభో, దాని భక్తుణ్ణి. అందుకే ఈ మంట.

ఫోన్లో పనోరమా మోడ్ ఉంది కదా అంటారా? ఆ మోడ్ చేసేది ఇది: మీరు ఫోన్ తిప్పుతుంటే ప్రతి ఫ్రేములోంచీ మధ్యనున్న సన్నటి నిలువు చీలిక తీసుకుని పక్కపక్కన పేర్చుకుంటూ పోతుంది. బొమ్మ వస్తుంది, స్తంభం చుట్టూ కాగితం చుట్టినట్టు. దాన్ని చదును చేస్తే తిన్నటి దూలాలు అరటిపండులా వంగుతాయి. కొండల మీదా బీచిలోనూ ఇది ఎవరికీ తెలీదు, అంతా దూరంలో ఉంటుంది కాబట్టి. చిన్న గదిలోకి వచ్చేసరికి అసలు బండారం బయటపడుతుంది. ఎందుకంటే పారలాక్స్.

బొటనవేలు ముఖానికి ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి, అది తెరిచి రెండోది మూసి చూడండి. వేలు వెనక గోడ మీద అటూ ఇటూ గెంతుతుంది. కెమెరాకీ అంతే. కెమెరాని తిప్పేటప్పుడు లెన్సులో కాంతి లోపలికి దూరే బిందువు (ఎంట్రన్స్ ప్యూపిల్ అంటారు, చాలామంది నోడల్ పాయింట్ అంటారు గానీ అది తప్పు పేరు) కదలకూడదు. కదిలితే దగ్గర వస్తువులు ఒకచోట, దూరపు వస్తువులు ఇంకోచోట పడతాయి. ఎంత కదిలితే ఎంత తేడా వస్తుందో లెక్క చూడండి, మనం ఇంజనీర్లం కదా. 24 మెగాపిక్సెళ్ళ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 24 మి.మీ. లెన్సు. ట్రైపాడ్ మీద మామూలుగా బిగిస్తే ఆ బిందువు తిరిగే ఇరుసుకి 8 సెంటీమీటర్లు ముందు ఉందనుకుందాం. 30 డిగ్రీలు తిప్పితే అది సుమారు 4 సెంటీమీటర్లు జరుగుతుంది. ఒక మీటరు దూరంలో బల్ల, ఏడు మీటర్ల దూరంలో గోడ ఉంటే, వాటి మధ్య పొంతన సుమారు 140 పిక్సెళ్ళు తప్పుతుంది. సాఫ్ట్‌వేరు బల్లని అతికితే గోడ విరుగుతుంది, గోడని అతికితే బల్ల విరుగుతుంది. చేతిలో ఫోన్ పట్టుకుని చెయ్యి చాపి తిరిగేవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ 8 సెంటీమీటర్లు కాదు, మూర.

మా వాడి 'నల్లటి ఖాళీ' పుట్టింది ఇక్కడే. ఖాళీ లోపం కాదు. అది ఒక ఎర్రర్ మెసేజ్. "నువ్వు తప్పుగా తిప్పావు, ఈ చోటు నాకు తెలీదు" అని సాఫ్ట్‌వేరు చెప్పుకుంటోంది. మనవాడు ఎర్రర్ చదవకుండా ఎక్సెప్షన్ని ఖాళీ క్యాచ్ బ్లాకులో మింగేశాడు. ఆఫీసులో కోడ్ రివ్యూలో ఇలాంటిది కనిపిస్తే జూనియర్లని నిలబెట్టి కడిగేస్తాడు ఈ పెద్దమనిషి.

నేనూ ఆ మందిరానికి వెళ్ళి తీశాను కాబట్టే ఇంత గట్టిగా మాట్లాడుతున్నా. కారు ఆపే చోటు నుంచి పొలాల మధ్య మట్టి దారిలో నడవాలి. ఎదురుగా మందిరం, దాని వెనక ఉప్పు చిత్తడి నేల, సముద్రం. దాదాపు అటు తలతిప్పితే బ్రాడ్‌వెల్ అణు విద్యుత్ కేంద్రం. 1962 నుంచి 2002 దాకా కరెంటు తీసి ఆపేశారు. ఏడో శతాబ్దపు గోడా, ఇరవయ్యో శతాబ్దపు రియాక్టరూ ఒకే చూపులో పడే చోట్లు లోకంలో ఎన్ని ఉంటాయో! సరే, దారి తప్పుతున్నా.

లోపల చీకటి. కిటికీలు చిన్నవి, పైన ఉన్నాయి. బయట ఎండ. ఆటో ఎక్స్‌పోజర్‌లో పెడితే కిటికీ వైపు ఫోటో నల్లగా, గోడ వైపు ఫోటో తెల్లగా వస్తుంది, కుట్టాక గోడంతా పులిచారలు. అందుకని అన్నీ మాన్యువల్. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్సు, ఫోకస్ మూడూ బిగించెయ్యాలి. ఒక్కో దిక్కుకి మూడు ఫోటోలు, ఒకటి గోడకి, ఒకటి కిటికీకి, ఒకటి మధ్యస్థంగా. కెమెరా నిలువుగా పెట్టి 30 డిగ్రీలకొకటి చొప్పున చుట్టూ 12. అలాంటి వరసలు మూడు: తిన్నగా ఒకటి, పైకి ఒకటి, కిందికి ఒకటి. పైకప్పు నడినెత్తికి ఇంకొకటి. మొత్తం 37 దిక్కులు, 111 ఫోటోలు. పనోరమా హెడ్ అని ఒక ఇనప సామాను దొరుకుతుంది, కెమెరాని వెనక్కి జరిపి ఆ బిందువు సరిగ్గా ఇరుసు మీదకి తెస్తుంది. ఒకసారి ఇంట్లో రెండు కర్రలు దగ్గరొకటి దూరమొకటి నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి, రెండూ విడిపోకుండా ఉండే చోటు గుర్తుపెట్టుకుంటే ఆ లెన్సుకి జన్మంతా అదే లెక్క.

ఇదంతా చేస్తే గంట పట్టింది. మధ్యలో ఒకావిడ వచ్చి కాసేపు ప్రార్థన చేసుకుంది. నేను పక్కకి తప్పుకున్నా. (ఇది కూడా చెప్పాలి: అది మ్యూజియం కాదు, జనం ఇంకా దణ్ణం పెట్టుకునే చోటు. ట్రైపాడ్ మధ్యలో పాతి "కొంచెం జరగండి" అనే జాతి మనది కాకూడదు.)

వచ్చిన ఫలితం 25 వేల పిక్సెళ్ళ వెడల్పు, పన్నెండున్నర వేల ఎత్తు. గది మధ్యలో నిలబడితే పక్క గోడ మూడుంపావు మీటర్ల దూరం. అంటే గోడ మీద ఒక్కో పిక్సెల్ ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ. ఇటుకలో పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో కొలవచ్చు. ఐదేళ్ళ తర్వాత ఇంకెవరో అదే చోట నిలబడి తీస్తే ఆ పగులు పెరిగిందో లేదో చెప్పొచ్చు. ఇది మీరు గోడకి వేలాడదీసుకునే పోస్టరు కాదు, డేటా.

డేటా అన్నాక మనకి తెలిసిన ఒక సూత్రం ఉంది. తెలియని విలువ వేరు, సున్నా వేరు, కల్పించిన విలువ వేరు. కస్టమరు పుట్టినతేదీ తెలియకపోతే ఆ కాలమ్‌లో నల్ ఉంచుతాం. ఎవడో బద్ధకిష్టి 1900 జనవరి 1 అని నింపిపోతే, పదేళ్ళ తర్వాత రిపోర్టులో వందేళ్ళు దాటిన ముసలివాళ్ళు లక్షల్లో తేలతారు. మనలో చాలామంది ఇలాంటి చెత్త శుభ్రం చేస్తూ శనాదివారాలు పోగొట్టుకున్నవాళ్ళమే. అయినా అదైనా నయం, 1900 అంటే ఎవరో నింపారని పట్టుకోవచ్చు. ఏఐ నింపేది అలా కాదు. అది చూడగానే నమ్మబుద్ధయ్యే తేదీ నింపుతుంది. 1978 ఆగస్టు 14. ఎలా పట్టుకుంటారు?

ఇది ఊహ కాదు, జరిగింది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జెరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రాల్లో ఒక విచిత్రం బయటపెట్టాడు. ఒక ఇంటి ప్లానుని స్కాన్ చేస్తే మూడు గదుల వైశాల్యాలు మారిపోయాయి. కాగితంలో 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడూ 14.13. కారణం, ఫైలు సైజు తగ్గించడానికి ఆ యంత్రం జేబిగ్2 అనే పద్ధతి వాడుతోంది. ఒకేలా కనిపించే ముక్కల్ని ఒకసారి దాచుకుని మిగతాచోట్ల దాన్నే అతికిస్తుంది. '6'ని చూసి '8' లాగే ఉందిలే అనుకుంటే '8'నే అతికించేస్తుంది. మసకగా వచ్చి ఉంటే జనం "స్కాన్ సరిగ్గా రాలేదు" అని మళ్ళీ చేసేవాళ్ళు. శుభ్రంగా, నీటుగా, తప్పుగా వచ్చింది. అందుకే అన్నేళ్ళు ఎవరికీ తెలీలేదు. అలా అతికించిన అంకెకీ, మా వాడి గోథిక్ కిటికీకీ నాకు తేడా కనపడదు. రెండూ ఆ తానులో ముక్కలే.

ఇప్పుడు నాకొచ్చిన ఎదురువాదాలు. గుంపులో మూడు రోజులు యుద్ధం నడిచింది కాబట్టి స్టాకు బాగా ఉంది :)

"కెమెరా మాత్రం కల్పించట్లేదా? ప్రతి డిజిటల్ ఫోటోలో మూడింట రెండొంతుల రంగు విలువలు లెక్కకట్టినవే" అన్నాడొకడు. మంచి దెబ్బే. నిజం కూడా. సెన్సరులో ఒక్కో పిక్సెల్ ఎరుపో, ఆకుపచ్చో, నీలమో ఒక్కటే కొలుస్తుంది, మిగతా రెండూ పక్కవాటిని చూసి లెక్కగట్టాల్సిందే. కానీ ఆ లెక్క ఎక్కడినుంచి వచ్చింది? పక్క పిక్సెల్ నుంచి, అదే గోడ నుంచి, అదే క్షణంలో పడిన వెలుగు నుంచి. తప్పయితే ఒకటి రెండు పిక్సెళ్ళ మేర రంగు మసకబారుతుంది, అంతే, కిటికీ పుట్టదు. కుట్టే దగ్గరా అంతే. 1983లో బర్ట్, ఆడెల్సన్ అనే ఇద్దరు చెప్పిన పద్ధతి ఉంది. రెండు బొమ్మల్నీ పెద్ద వివరాలు, చిన్న వివరాలుగా విడగొట్టి, పెద్ద వాటిని వెడల్పుగా, చిన్న వాటిని సన్నగా కలుపుతారు. ఎన్‌బ్లెండ్ చేసేది అదే. అతుకు కనపడదు, కానీ అందులో ఉన్న ప్రతి చుక్కా ఆ రెండు ఫోటోల్లోంచి వచ్చిందే. మా వాడి కిటికీ ఏ ఫోటోలోంచి వచ్చింది? వేరే ఊరిలోని వేరే చర్చిల నుంచి, అవీ ఏవో ఎవరికీ తెలీదు.

"నువ్వు ట్రైపాడ్ కాళ్ళు చెరిపెయ్యలేదా?" అని ఇంకొకడు. చెరిపాను. ఎలా? ట్రైపాడ్ పక్కకి జరిపి, అదే నేలని ఇంకోసారి ఫోటో తీసి, దాన్ని అక్కడ అతికాను. అదే నేల. అదీ కుదరనప్పుడు ఒక గుండ్రటి నల్ల మచ్చ వదిలేస్తా. చూసేవాడికి తెలుస్తుంది ఇక్కడ సమాచారం లేదని.

"అందం కోసం తీస్తే తప్పేముంది? ప్రతివాడూ పురావస్తు శాఖ ఉద్యోగా?" ఇది అందరికన్నా ఎక్కువ లైకులొచ్చిన వాదన. పెళ్ళి ఫోటోలో వెనక చెత్తబుట్ట తీసేసుకోండి, మీ ఇష్టం, నాకెందుకు. కానీ పాత కట్టడం ఫోటోకి కింద ఆ కట్టడం పేరు రాశాక అది అందం మాత్రమే కాదు, సాక్ష్యం. మీరు వాట్సాప్‌లో పెట్టింది ఫేస్‌బుక్కుకి పోతుంది, అక్కడినుంచి మ్యాపుల్లోకి, అక్కడినుంచి ఎవడి పుస్తకంలోకో. రేపు ఇంకో మోడల్ దాన్నే చదువుకుని "ఈ మందిరానికి దక్షిణాన రంగుటద్దాల కిటికీ కలదు" అని ధీమాగా చెబుతుంది. ఫోటో ఏ ఉద్దేశంతో తీశారో ఎవరూ అడగరు.

పైగా ఫోటో ఎప్పుడు సాక్ష్యం అవుతుందో తీసిన రోజున తెలీదు. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు 2010లో ప్యారిస్ నోట్రడామ్ చర్చిని లేజర్ స్కానర్‌తో యాభై పైగా చోట్ల నుంచి కొలిచాడు, వంద కోట్ల పైగా బిందువులు. ప్రతి చోటునుంచీ తీసిన పనోరమాలు ఆ బిందువుల మీద రంగుగా పరిచాడు. ఆయన ఉద్దేశం ఆ చర్చిని అప్పట్లో ఎలా కట్టారో అర్థం చేసుకోవడం. 2018లో పోయాడు. 2019 ఏప్రిల్ 15న పైకప్పు తగలబడింది. బాగుచేసేవాళ్ళకి ఆయన డేటా పనికొచ్చింది, 2024 డిసెంబర్లో మళ్ళీ తలుపులు తెరిచారు. ఆయన స్కాన్‌లో అందని మూలల్ని ఎవడైనా "బాగుందిలే" అని నింపేసి ఉంటే? ఆ మూలల్లో ఒక్క కొలతనీ నమ్మి రాయి చెక్కగలిగేవాళ్ళు కాదు.

ఇంత చెబుతుంటే ఇంగ్లీషోళ్ళ చర్చి కోసం నీకెందుకురా ఇంత బాధ అని కూడా ఒకాయన అడిగారు. బాధ అందరిదీను. అయినా మనూరి సంగతే చూద్దాం. కూడవెల్లి సంగమేశ్వరాలయం శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో మునిగిపోతుందని విప్పి, తీసుకొచ్చి అలంపురంలో మళ్ళీ కట్టారు. ఏ రాయి ఎక్కడిదో పక్కాగా నమోదు లేకపోతే ఆ పని జరుగుతుందా? అది ప్రభుత్వం తలచుకుని చేసిన పని. తలచుకోని చోట్లే ఎక్కువ. మన పల్లెల్లో పాత పెంకుల కప్పు చర్చిలు పడగొట్టి శ్లాబు వేస్తున్నారు. గుళ్ళకి జీర్ణోద్ధరణ పేరుతో శిల్పాల మీద ఎనామిల్ పెయింటు కొడుతున్నారు, నేలకి గ్రానైటు పలకలు పరుస్తున్నారు. కట్టినవాళ్ళని నేనేమీ అనను, వాళ్ళ గుడి వాళ్ళిష్టం, వాన కారే కప్పు కింద ప్రార్థన చేసుకోమని అమెరికాలో కూర్చుని చెప్పడానికి మనమెవరం? కానీ పడగొట్టిన మర్నాడు ఆ కట్టడానికి మిగిలేది ఎవడి ఫోన్లోనో ఉన్న ఫోటోనే. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మనం తీసే ఫోటో. అందులోనూ మసిపూసి మారేడుకాయ చేస్తే ఇంకేం మిగిలినట్టు?

గోడని ఎలా బాగుచెయ్యాలి అన్నదాని మీద ఆ ఇంగ్లాండు వాళ్ళే మనకన్నా ముందు కొట్టుకున్నారు. విక్టోరియా కాలంలో పాత చర్చిలన్నిటినీ గీకి, పాలిష్ పెట్టి, "అసలు ఇలాగే ఉండేది" అని ఊహించి కొత్త గోథిక్ ముక్కలు తగిలించే పిచ్చి పట్టింది. విలియం మోరిస్, ఫిలిప్ వెబ్ వాళ్ళూ 1877లో దానికి ఎదురుగా ఒక సంఘం పెట్టారు. వాళ్ళ మాట ఏమిటంటే, కూలిపోకుండా ఆపండి, కన్నం పడితే పూడ్చండి, కానీ పూడ్చింది పూడ్చినట్టే కనపడనివ్వండి, ఊహించి పాతదానిలా నటించకండి. సెయింట్ పీటర్ గోడలో బండి దారి పూడ్చిన మచ్చ మనకి ఈ రోజుకీ కనిపిస్తోందంటే అలాంటి మర్యాద పాటించినవాళ్ళు ఉండబట్టే. రాయి, సున్నంతో పనిచేసే తాపీ మేస్త్రీ పాటించిన నిజాయితీ, పదేళ్ళ అనుభవం ఉన్న సీనియర్ ఆర్కిటెక్టు సాఫ్ట్‌వేర్లో పాటించలేడా?

సామాన్లు లేవు, ఖర్చు అంటారేమో. ఒక పిట్టకథ వినండి. హెల్ముట్ డెర్ష్ అనే జర్మన్ ప్రొఫెసరు 1998 ప్రాంతంలో పనోరమా టూల్స్ అని ఉచితంగా ఇచ్చాడు. ఐపిక్స్ అనే కంపెనీ పేటెంట్లున్నాయని బెదిరిస్తే చివరికి ఆయన తప్పుకోవాల్సి వచ్చింది. కానీ కోడ్ బయటే ఉంది. జనం దాన్ని పట్టుకుని నడిపించారు. పాబ్లో డి ఏంజెలో మొదలెట్టిన హగిన్ దాని మీదే నిలబడింది. ఐపిక్స్ 2006లో దివాలా తీసింది. రెండు ఫోటోల్లో ఒకే బిందువుని వెతికిపట్టే సిఫ్ట్ పద్ధతికి డేవిడ్ లోవ్ పేరున ఉన్న పేటెంటు కూడా 2020 మార్చిలో తీరిపోయింది. ఇప్పుడు హగిన్, ఎన్‌బ్లెండ్, ఎన్‌ఫ్యూజ్ అన్నీ పైసా ఖర్చు లేకుండా మీ లాప్‌టాప్‌లో నడుస్తాయి. పనోరమా హెడ్ కొనలేకపోతే ఒక దారానికి బరువు కట్టి లెన్సు కింద వేలాడదీసి, నేల మీద ఒక గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు దాటకుండా తిరగండి. నేను మొదట్లో అలాగే చేశా, వెడల్పాటి హాళ్ళలో బాగానే కుదిరింది.

ఇక నేను అడుగుతున్నది ఇంతే, పెద్ద పనేం కాదు. పాత గుడైనా చర్చైనా మసీదైనా తీసినప్పుడు కుట్టిన బొమ్మతో పాటు అసలు ఫోటోలు, రా ఫైళ్ళు, ఉంచండి. హగిన్ ప్రాజెక్టు ఫైలు పీటీవో అని ఉంటుంది, మామూలు టెక్స్ట్ ఫైలు, నాలుగు కేబీ ఉంటుందో పది కేబీ ఉంటుందో. ఏ ఫోటో ఎటు తిరిగి ఉంది, ఎక్కడెక్కడ కలిపారు అంతా అందులో ఉంటుంది. దాన్ని కూడా పక్కన పెట్టండి. ఎవరైనా రేపు మళ్ళీ కుట్టుకోవచ్చు, మీకన్నా బాగా. వికీమీడియా కామన్స్‌లో పెడితే ఇంకా మంచిది. వివరణలో తారీఖు, ఎక్కడ నిలబడి తీశారు, ఏం చెరిపారు, ఏం అతికారు రాయండి. అంచులు వంకరగా వస్తే కత్తిరించండి, లేదా అలాగే నల్లగా వదిలెయ్యండి. నల్లటి ఖాళీ పెద్దదయితే సిగ్గుపడాల్సిన పని లేదు, మళ్ళీ వెళ్ళి తియ్యండి. సెయింట్ పీటర్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక సలహా: మధ్యాహ్నం ఎండలో దక్షిణం కిటికీల వెలుగు ఎదురు గోడ మీద పడి ఇబ్బంది పెడుతుంది, మబ్బు పట్టిన రోజు చూసుకోండి. ఆ దేశంలో దానికేమీ కరువు లేదు.

మా వాడు ఆ బొమ్మని ఇంకా తియ్యలేదు. అసలు ఫోటోలు అడిగితే కుట్టాక డిలీట్ చేసేశానన్నాడు.